వల కన్ను

పెద్దాయన మోకాళ్ల మీద వల పరుచుకుని, అప్పుడే బాగుచేసిన కన్నులోకి ఎడమచేతి రెండు వేళ్లు జొనిపాడు. చూపుడువేలు, మధ్యవేలు. వేళ్లు అటు ఇరుక్కోలేదు, ఇటు వదులుగా ఆడలేదు. తల ఊపి, పక్క కన్ను దగ్గరికి జరిగాడు. ఆ పూట వలలో పదిహేను కన్నులు తెగి ఉన్నాయి. పదిహేనూ కట్టాడు, పదిహేనింటిలోనూ వేళ్లు పెట్టి చూశాడు.

కోదాడ పక్కన అనంతగిరి మండలంలో ఒక చెరువు కట్ట మీద, వేపచెట్టు నీడలో చూసిన పని ఇది. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడే అనంతగిరి కూడా మండలమైంది. ఆవల పాలేరు, దాన్ని దాటితే ఖమ్మం జిల్లా. బందరు సముద్రం ఇక్కడికి నూటయాభై కిలోమీటర్ల పైమాటే. అయినా ఇక్కడ నీళ్లకు కొదవ లేదు, నీళ్లను నమ్ముకున్న మనుషులకూ కొదవ లేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమ కాలువ ఈ ప్రాంతపు పొలాల్ని, చెరువుల్ని తడుపుతూ వస్తోంది. దక్షిణాన మట్టపల్లి దగ్గర కృష్ణ, మిర్యాలగూడ వైపు వాడపల్లిలో మూసీ కృష్ణల సంగమం. ఈ నీళ్ల చుట్టూ గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా బతుకుతున్నారు. వాళ్ల ఇళ్లలో దండెం మీద బట్టలతో పాటు ఒక వల కూడా వేలాడుతుండేది. ఆ వల పేరు విసురువల.

ఒక మనిషి ఒంటరిగా, పడవ లేకుండా, తోడు లేకుండా, మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేపను పట్టుకోవడానికి మనవాళ్లు అల్లుకున్న పనిముట్టు విసురువల. విప్పి పరిస్తే గుండ్రం, మధ్యలో పట్టి ఎత్తితే గోపురం, చేతిలో మడిస్తే ఒక గుప్పెడు. అంగట్లో దొరికే తంగూసు వలల మధ్య ఇది పాతకాలపు సామానులా కనిపిస్తుంది. దగ్గర కూర్చుని దాని అల్లిక చూసినవాళ్లకు మాత్రం, ఎంత ఆలోచన ఎంత తక్కువ దారంలో ఇమిడిందో అర్థమవుతుంది.

ముందు ముడి సంగతి చెప్పాలి. అల్లేందుకు ఆయన దగ్గర రెండే వస్తువులున్నాయి. దారం చుట్టుకున్న వెదురు సూది ఒకటి, వేలెడు వెడల్పున్న వెదురు బద్ద ఒకటి. పై వరుసలోని కన్నులోకి సూదిని కింది నుంచి దూర్చి, దారాన్ని బద్ద అంచు దాకా లాగి, బొటనవేలితో అదిమి పడతాడు. మిగిలిన దారాన్ని ఎడమపక్కకు ఉంగరంలా విసురుతాడు. కన్నుకున్న రెండు పోగుల వెనక నుంచి సూదిని తిప్పి, ఆ ఉంగరంలోంచి బయటికి తీసి, ఒక్క గుంజు గుంజుతాడు. ముడి పడింది. నేను ఈ నాలుగు వాక్యాలు రాసేలోపు ఆయన అరడజను ముళ్లు వేసేస్తాడు.

ఈ ముడికి ఒక చుట్టరికం ఉంది. పోచంపల్లిలో మగ్గం మీద పోగు తెగితే నేతగాడు వేలికొసలతో వేసే ముడికీ ఇదే రూపం. ఒక పోగు కన్నులా వంగి నిలబడుతుంది, రెండోది దాన్ని చుట్టి తన కిందే తాను నలుగుతుంది. లాగినకొద్దీ బిగుస్తుంది. ఒకే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, ఒకరికొకరు ఎదురుపడని రెండు వృత్తులవాళ్లు ఒకే ముడితో అన్నం తిన్నారు.

ఇక లెక్క. ఆయన వల పొడవు ఆరు మూరలు, అంటే తొమ్మిది అడుగులు. పూర్తిగా విచ్చుకుంటే పద్దెనిమిది అడుగుల అడ్డకొలత ఉన్న గుండ్రం. రెండు వేళ్లు పట్టే కన్నులో ముడికీ ముడికీ మధ్య ముప్పావు అంగుళం ఉంటుంది. ఆ గుండ్రాన్ని ఆ కన్నులతో నింపాలంటే ముళ్లు 60 వేలు దాటతాయి. నిమిషానికి పన్నెండు ముళ్లు వేసే చేతికి కూడా ఎనభై, తొంబై గంటల పని. వేటకు పోని వేళల్లో రోజుకు మూడు గంటలు కూర్చుంటే నెల రోజులు. ఆ నెల రోజుల్లో ఏ ముడీ జారకూడదు. ఒక్కటి జారినా పక్కనున్న నాలుగు కన్నులు ఒకటైపోయి, పెద్ద చేప తల దూర్చడానికి దారి ఏర్పడుతుంది.

ముడి కంటే కష్టమైంది పెంపు. వల పైనుంచి కిందికి పెరుగుతుంది. శిఖరం దగ్గర కొద్ది కన్నులతో మొదలై, అంచుకు వచ్చేసరికి కొన్ని వందలు కావాలి. అందుకని కొన్ని వరుసలకొకసారి ఒకే కన్నులో రెండు ముళ్లు వేసి ఒక కన్నును రెండు చేస్తారు. ఆ జంటలు ఎక్కడెక్కడ పడాలన్నదే అసలు విద్య. అన్నీ ఒక పక్కనే పడితే వల ఆ పక్కకు బరువెక్కి, విసిరినప్పుడు కోడిగుడ్డులా సాగుతుంది. చుట్టూ సమంగా పంచితేనే పున్నమి చంద్రుడిలా విచ్చుకుంటుంది. కాగితం మీద గీత లేదు, రాసుకున్న లెక్క లేదు. “ఎట్ల గుర్తుంటది తాతా?” అని అడిగాను. “గుర్తుంచుకునుడేంది బిడ్డా, చెయ్యే చెప్తది. ఈడ ఒకటి పడాలెనని ఏలు ఆగుతది” అన్నాడు.

దారం కూడా మారుతూ వచ్చింది. ఆయన తండ్రి కాలంలో జనుము నార, పత్తి నూలు. నీళ్లలో నాని, ఎండలో ఎండి, మళ్లీ నానే నూలు తొందరగా కుళ్లిపోతుంది. అందుకని తుమ్మచెక్క దంచి, నీళ్లలో ఉడకబెట్టి, ఆ వగరు కషాయంలో వలను నానబెట్టేవారు. తోలును పదును చేసే చెక్కే అది. తోలుకు పట్టే వగరే నూలుకూ పట్టి, కుళ్లును ఆపేది. కషాయం తాగిన వల ఎర్రమట్టి రంగుకు తిరిగేది. ఒక ఇంటి ముందు పొయ్యి మీద పెద్ద డేగిసాలో తుమ్మచెక్క ఉడుకుతుంటే ఆ వాసన వాడంతా కమ్ముకునేదట. తరువాత నైలాన్ వచ్చింది. 1935లో అమెరికాలోని ప్రయోగశాలలో పుట్టిన ఆ పోగు మన చెరువు కట్టల దాకా రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. అది కుళ్లదు, తేలిక, నూలంతగా నీళ్లు పీల్చుకోదు. తుమ్మచెక్క పొయ్యి ఆరిపోయింది. కానీ నైలాన్ నున్నన, పాత ముడి దాని మీద జారుతుంది. దాంతో దారాన్ని ఇంకో చుట్టు తిప్పి బిగించడం మొదలుపెట్టారు. కొత్త పోగు వచ్చినప్పుడు పాత చెయ్యి ఓడిపోలేదు, ముడికి ఒక చుట్టు కలుపుకుని ముందుకు నడిచింది. అందుకే వీళ్లు మార్పుకు తట్టుకోలేకపోయారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అంచుకు సీసపు గుండ్లు. అవి మరీ బరువైతే పది విసుర్లకే జబ్బ పడిపోతుంది. మరీ తేలికైతే అంచు నేలకు దిగేలోపు చేప కింద నుంచి జారుకుంటుంది. వల ఎంత, నీళ్ల లోతెంత, విసిరే మనిషి జబ్బ బలమెంత, ఈ మూడూ చూసి గుండ్ల బరువు తేల్చాలి. అందుకే మంచి విసురువల చొక్కా లాంటిది, ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరికి కుదరదు. అంచును లోపలికి మడిచి, జానెడు జానెడు దూరంలో పై కన్నులకు కట్టేస్తారు. చుట్టూ చిన్నచిన్న ఒడులు ఏర్పడతాయి. వల కింద పడ్డ చేప బయటికి దారి వెతుక్కుంటూ అంచు వైపే పరుగెడుతుంది. అక్కడ ఈ ఒడిలోకి జారుతుంది. చేప భయాన్ని చదివి, దాని దారిలోనే సంచి కట్టిపెట్టిన తెలివి అది.

అల్లిక ఎంత గొప్పదో విసిరితేనే తెలుస్తుంది. శిఖరానికి కట్టిన తాడు కొసను ఎడమ మణికట్టుకు తగిలించుకుని, వలలో ఒక భాగాన్ని మోచేతి మీద వేసుకుని, మిగిలిన అంచును రెండు చేతులకు పంచుకున్నాడు. నీళ్లలోకి నడిచేటప్పుడు పాదాలు ఎత్తలేదు, బురద మీద జారుస్తూ పోయాడు. చప్పుడైతే చేప చెదిరిపోతుంది. ఆగాడు. నీటి మీద ఎక్కడో ఒక బుడగ, కొంచెం బురద మసక. నడుము వెనక్కి తిరిగి ముందుకు వచ్చింది. వల చేతిలోంచి వెళ్లిపోయింది. గాలిలో ఒక్క క్షణం నిండుగా విచ్చుకుని, నీళ్ల మీద వాలింది. గుండ్లన్నీ ఒక్కసారే నీటిని తాకాయి, తొలకరి జల్లు ఆకుల మీద పడ్డట్టు ఒకటే చప్పుడు. ఆ చప్పుడు ముక్కలుగా వినపడితే వల సరిగా పరుచుకోలేదని అర్థమట.

తరువాత ఓపిక. తాడును వేళ్ల మధ్య ఆడిస్తూ, అంచు నేల మీద పాకేలా మెల్లగా గుంజాలి. తొందరపడితే అంచు లేచి చేప పోతుంది. తాడులో వచ్చే అదురును బట్టి ఆయన పేరు చెప్పాడు. పైకి తన్నుకుంటే బొచ్చె, అడుగున గట్టిగా ఒత్తితే కొర్రమట్ట. మన రాష్ట్ర చేపగా 2016లో గుర్తింపు పొందిన కొర్రమీను అదే. మృగశిర కార్తె రోజున ఇంటింటా చేపల కూర వండుకునే తెలంగాణలో దాని విలువ చెప్పనక్కర్లేదు. వల ఒడ్డుకు వచ్చింది. రెండు బొచ్చెలు, ఒక జెల్ల. వాటితో పాటు ఇంకెన్నో చిన్న పిల్లలు వల కిందికి వచ్చే ఉంటాయి, ఒక్కటీ వలలో లేదు. గుంజుతుంటే కన్నుల్లోంచి తమ దారిన తాము జారిపోయాయి. “అవి వచ్చే ఏటివి” అన్నాడాయన.

ఆ ఒక్క మాట దగ్గర నాకు రెండు వేళ్ల కొలత అర్థమైంది. కన్ను ఎంత ఉండాలని తేల్చుకోవడమంటే ఏ చేపను వదిలేయాలో తేల్చుకోవడమే. ఆ తీర్పు చెరువులోకి దిగాక చెప్పేది కాదు. నెల రోజుల ముందే, ఇంటి అరుగు మీద కూర్చుని బద్ద చెక్కుకున్నప్పుడే చెప్పేసింది. తరువాత 60 వేల సార్లు అదే తీర్పును ముడివేశాడు. ఆశ పుట్టిన రోజున కూడా ఆ వల పిల్లల్ని పట్టలేదు. సంయమనాన్ని పనిముట్టులోనే అల్లిపెట్టిన ఇలాంటి నేర్పు నేను మరో వృత్తిలో చూడలేదు.

ఈ తెలివి ఇవాళ్టిది కాదు. 1913లో అప్పటి ఫిన్లాండ్‌లోని ఆంత్రేయ అనే చోట కాలువ తవ్వుతుంటే ఒక వల బయటపడింది. విల్లో చెట్టు నారతో అల్లింది, వయసు పదివేల ఏళ్లని తేల్చారు. రాతి బరువులు, చెట్టు బెరడు బెండ్లతో దొరికిన ఆ వలకు కూడా కన్ను కొలతగానే ఉంది, ఆరు సెంటీమీటర్ల దాకా. చక్రం రాక ముందే మనిషి ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో కొలిచి అల్లాడు.

ఇప్పుడు ఆ కొలతే పోతోంది. కోదాడ అంగట్లో యంత్రం అల్లిన తంగూసు వల కిలోల లెక్కన దొరుకుతుంది. పోగు నీళ్లలో కనపడదు, కన్ను ఎంత సన్నం కావాలంటే అంత సన్నం. చెరువులో ఒక చివర నుంచి ఇంకో చివరకు పెద్ద లాగుడు వలలు దింపి, రెండు మూడు రోజుల్లో చేపంతా తోడేసి, ఐసుపెట్టెల్లో లారీకెక్కించే పద్ధతి వచ్చింది. ఒంటరిగా విసురువల పట్టుకుని తనకు తాను యజమానిగా ఉన్న మనిషి, ఆ పెద్ద వల తాడు లాగే పదిమందిలో ఒకడయ్యాడు. చెరువుల్ని బాగుచేయడానికి 2015లో మిషన్ కాకతీయ వచ్చింది. 2016-17 నుంచి సర్కారు మత్స్యకారుల సంఘాల చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది. చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. నీళ్లలోకి దిగే పిల్లను మిల్లీమీటర్లలో కొలుస్తున్నాం. దాన్ని బయటికి తీసే వల కన్నునూ అంతే శ్రద్ధగా కొలవాలి. సన్నకన్ను వల పడ్డ చెరువులో ఎన్ని పిల్లల్ని వదిలినా అవి తల్లులయ్యే దాకా బతకవు.

ఇంకో కొత్త శత్రువు కూడా నీళ్లలోకి వచ్చింది. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం గాజుపెట్టెల్లోకి వచ్చి, అక్కడి నుంచి మన చెరువులకు, కృష్ణకు పాకిన రాకాసి చేప. ఒళ్లంతా ముళ్ల కవచం. తినడానికి మనవాళ్లకు పనికిరాదు, వలలో పడితే కన్నుల్ని చీల్చుకుని పోతుంది. ఆ పూట తెగిన పదిహేను కన్నులూ దాని పనే.

సముద్రం దగ్గరా ఇదే కథ ఇంకా పెద్దగా నడుస్తోంది. ఆంధ్ర తీరంలో మొదటి 8 కిలోమీటర్ల నీళ్లను సంప్రదాయ పడవలకే కేటాయించారు. అయినా పెద్ద బోట్లు, చేపల గుంపును చుట్టేసే రింగు వలల ఒత్తిడి ఆగలేదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద మత్స్యకార గ్రామాల మధ్య పుట్టిన గొడవ పడవలు తగలబడేదాకా పోయింది. తమ తీరంలో బతుకు చాలక శ్రీకాకుళం జిల్లా జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి ఇతరుల బోట్లలో కూలికి వేటాడుతున్నారు. అలా వెళ్లి 2018 చివర్లో పాకిస్థాన్ చేతికి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా గడప దాటి రాలేకపోయారు. సొంత ఊరి ముందు సముద్రం పెట్టుకుని, దేశం ఆ చివరకు వేటకు పోవాల్సి రావడం కంటే దుఃఖం ఏముంటుంది?

ఆ తీరానికీ మన నల్లగొండకూ ఒక వంతెన కూడా ఉంది. సాగర్ వెనక జలాల ఒడ్డున, నేరేడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ అనే ఊరుంది. విశాఖ వైపు నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన మత్స్యకార కుటుంబాలు అక్కడ పాతుకుపోయాయి. ఇవాళ సెలవు రోజుల్లో హైదరాబాద్ నుంచి జనం అక్కడికి నీళ్లు చూడటానికి, చేపలు తినడానికి వస్తున్నారు. ఉప్పునీటి నుంచి మంచినీటికి వచ్చినవాళ్లు తమ వెంట ఆస్తులేవీ తెచ్చుకోలేదు. వల అల్లే చేతులు తెచ్చుకున్నారు. సముద్రంలో పడే ముడే చెరువులోనూ పడుతుంది కాబట్టి వాళ్లు బతికారు.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది మనందరికీ గర్వకారణం. అదే ముడితో అదే జిల్లాలో అల్లిన వలకు నాకు తెలిసి ఏ ప్రదర్శనశాలలోనూ గూడు లేదు. కట్టుకునే బట్టకు రంగు ఉంటుంది, నలుగురూ చూస్తారు. నీళ్లలో మునిగే వల అందం చేపకు, వేటగాడికి తప్ప ఎవరికీ కనపడదు. మన మత్స్య కళాశాలల్లో చేపల పెంపకం చెబుతున్నారు, మంచిదే. ఆ పిల్లల్ని వారానికొక పూట ఇలాంటి పెద్దల అరుగుల మీద కూర్చోబెట్టి, ముడి, పెంపు, గుండ్ల బరువు నేర్పించాలి. ప్రతి మత్స్యకార సంఘం తన చెరువులో ఎంత కన్నుకు తక్కువ వల దిగకూడదో తీర్మానం రాసుకోవాలి. ఈ రెండు పనులకూ పెద్ద ఖర్చు లేదు. ఒక తరం వేళ్లు ఇంకా కదులుతుండగానే చేయాలి, అంతే.

పొద్దు వాలుతుంటే పెద్దాయన వలను కట్ట మీది కర్రల మీద ఆరేశాడు. నేను సూది తీసుకుని ఆయన చూపినట్టు నాలుగు ముళ్లు వేశాను. మూడు జారాయి, ఒకటి నిలిచింది. ఆయన ఆ ఒక్క కన్నులో తన వేళ్లు పెట్టి చూశాడు. పట్టలేదు. నా చెయ్యి తీసుకుని తన చేతి పక్కన పెట్టుకున్నాడు. దశాబ్దాలుగా తాడు లాగి, బురద పిసికి, ముళ్లు బిగించి బండబారిన వేళ్లు అవి. నావి వాటిలో సగం మందం లేవు.

“నీ ఏలు కొలతకు బద్ద చెక్కినవనుకో, కన్ను చిన్నగైతది బిడ్డా. పిల్లలు కూడ పడిపోతయి” అన్నాడు. కాసేపు ఆలోచించి, సంచిలోంచి తన పాత వెదురు బద్ద తీసి నా అరచేతిలో పెట్టాడు. దారం రాసుకుని రాసుకుని అంచులు నున్నగా, తేనె రంగుకు తిరిగి ఉన్నాయి. “నువ్వు అల్లేటట్టుంటే దీని మీద అల్లు. ఇది నా ఏలే.”